సెర్వావాక్ వేయించాలా, గార్డసిల్ వేయించాలా, ఇంకొన్నాళ్లు ఆగాలా: హెచ్‌పీవీ టీకా ఎంచుకునే ముందు

మా చిన్నదానికి పన్నెండు నిండాక పిల్లల డాక్టరు దాని టీకాల కార్డు తిరగేసి, "హెచ్‌పీవీ మిగిలిపోయిందమ్మా. గార్డసిల్ ఉంది, గార్డసిల్ 9 ఉంది, మన దేశంలో తయారైన కొత్తది సెర్వావాక్ ఉంది. ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి" అన్నారు. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అత్తమ్మ ముఖం మారిపోయింది. మాది ఖమ్మం జిల్లా. "అది మన భద్రాచలం దిక్కు హాస్టల్ పిల్లలకు వేసిన సూదేగా? మనకెందుకు బిడ్డా" అంది. ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది. దాని కూతురికి పంతొమ్మిదేళ్లు. కాలేజీలో క్యాంపు పెడుతున్నారట, వేయించమంటావా వద్దా అని అడిగింది.

ఇద్దరికీ వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత రెండు నెలలు చదివాను, ఒక గైనకాలజిస్టునూ ఒక పిల్లల డాక్టరునూ వదలకుండా ప్రశ్నలు అడిగాను. నేను డాక్టర్ని కాదు. కానీ ఇదే టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులకు పనికొస్తుందని తెలుసుకున్నదంతా రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి. సర్వైకల్ క్యాన్సర్ అంటే గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్. మన దేశంలో ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా వచ్చేది ఇదే. ఏటా 1.2 లక్షలకు పైగా కొత్త కేసులు, 75 వేలకు పైగా మరణాలు. దాదాపు అన్నిటికీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. శరీర సంబంధం వల్ల వస్తుంది, చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చి దానంతట అదే పోతుంది. పోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయిన కొద్దిమందిలో, వైరస్ వచ్చిన 15, 20 ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా మారుతుంది. ఈ వైరస్‌లో వందకు పైగా రకాలున్నాయి. వాటిలో 16, 18 అనే రెండు రకాలే ప్రపంచంలో 70 శాతం సర్వైకల్ క్యాన్సర్లకు కారణం. మన దేశంలో చేసిన అధ్యయనాల్లో ఆ రెండింటి వాటా 80 శాతం దాకా తేలింది. బ్రాండ్ల దగ్గరికి వచ్చినప్పుడు ఈ అంకె మళ్లీ అవసరపడుతుంది, గుర్తుపెట్టుకోండి.

భద్రాచలంలో జరిగింది ఏమిటి

అత్తమ్మ భయాన్ని నేను కొట్టిపారేయలేదు. 2009 జులైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గార్డసిల్ వేయించాయి. దాదాపు 14 వేల మందికి వేశారు. గుజరాత్‌లోని వడోదరలో ఇంకో బ్రాండు వేశారు. తర్వాత కొందరు అమ్మాయిలు చనిపోయారని వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోయారు.

విచారణ కమిటీ ఒక్కో మరణాన్నీ విడిగా పరిశీలించింది. నీళ్లలో మునగడం, పాముకాటు, పురుగుమందు, జ్వరాలు కారణాలుగా తేలాయి. టీకాతో సంబంధం కనపడలేదు. కానీ అదే విచారణలో ఇంకో సంగతి బయటపడింది. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చాలామంది పిల్లల అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. సూది దేనికో చాలా ఇళ్లలో తెలియదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం కూడా దీన్ని గట్టిగా తప్పుపట్టింది.

ఆ పిల్లలకూ వాళ్ల తల్లిదండ్రులకూ అన్యాయమే జరిగింది. అడగకుండా, చెప్పకుండా గిరిజన పిల్లల చేతికి సూది గుచ్చడం తప్పు. ఆ తప్పు వల్ల టీకా మీద పడ్డ మచ్చ ఇప్పటికీ మా జిల్లాలో పోలేదు. కానీ టీకా ఇచ్చిన తీరు వేరు, టీకా వేరు. ఈ రెండూ విడదీసి చెప్పేసరికి అత్తమ్మ కూడా కొంత మెత్తబడింది.

ఇంకో సంగతి చదివి నేను ఆశ్చర్యపోయాను. అదే సమయంలో దేశంలో మరో పెద్ద అధ్యయనం నడుస్తోంది. గార్డసిల్ రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడం దాని ఉద్దేశం. అది జరిగిన కేంద్రాల్లో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఒకటి. 2010 ఏప్రిల్‌లో వచ్చిన ఉత్తర్వుతో అక్కడా సూదులు ఆగిపోయాయి. అప్పటికి 17,729 మంది అమ్మాయిలకు టీకా పడింది. అందులో 4,950 మందికి ఒక్క డోసు మాత్రమే అందింది. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా పదేళ్లు గమనిస్తూ వచ్చారు. ఒక్క డోసు వేసుకున్నవాళ్లలోనూ 16, 18 రకాల వైరస్ ఒంట్లో నిలిచిపోకుండా 95 శాతం రక్షణ కనిపించింది. రెండు, మూడు డోసులవాళ్లకూ వీళ్లకూ తేడా లేనట్టే. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. ఈరోజు చాలా దేశాలు ఒకే డోసుకు మారడానికి ఆధారమైన అధ్యయనాల్లో ఇదొకటి.

"కొత్తగా అనుమతి" అంటే ఎంత కొత్త

సెర్వావాక్‌ను పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సహకారంతో తయారుచేసింది. 2022 జులైలో మన ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. 2023 జనవరిలో మార్కెట్లోకి వచ్చింది. కొత్తది అనగానే మనకు వచ్చే భయం సహజమే. కానీ కొత్త మందు అంటే ఎప్పుడూ ఒకే అర్థం కాదు. ఎవరూ ఇంతకుముందు చూడని పద్ధతిలో చేసిన టీకా ఒక రకం కొత్త. తెలిసిన పద్ధతిలో ఇంకో కంపెనీ చేస్తే అది ఇంకో రకం కొత్త. సెర్వావాక్ రెండో రకం. వైరస్ పైపొరలోని ఒక ప్రొటీన్‌ను ఈస్ట్ అనే సూక్ష్మజీవిలో పెంచి, దాన్నే టీకాగా ఇస్తారు. గార్డసిల్ చేసేదీ ఇలాగే. రెండింటిలోనూ బతికున్న వైరస్ ఉండదు, వైరస్ జన్యు పదార్థం ఉండదు. కాబట్టి టీకా వల్ల ఆ జబ్బు అంటుకోవడం కుదరదు.

ఇక తేడా. గార్డసిల్‌కు 2006లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాన్ని 12 వేల మందికి పైగా యువతుల మీద పరీక్షించి, 16, 18 రకాల వల్ల వచ్చే క్యాన్సర్ ముందు దశ మార్పులు ఆగుతున్నాయా అని చూశారు. 98 శాతం ఆగాయి. తర్వాత స్వీడన్‌లో 16 లక్షలకు పైగా అమ్మాయిల, మహిళల రికార్డులు చూస్తే, 17 ఏళ్ల లోపు టీకా వేయించుకున్నవాళ్లలో సర్వైకల్ క్యాన్సరే 88 శాతం తగ్గింది. సెర్వావాక్‌కు ఇంత చరిత్ర లేదు. దాన్ని మన దేశంలోనే 12 కేంద్రాల్లో 2,307 మంది మీద పరీక్షించారు. గార్డసిల్ వేసుకున్నవాళ్లకు ఎంత యాంటీబాడీలు వస్తున్నాయో, దీనికీ అంతకు తగ్గకుండా వస్తున్నాయా అని చూశారు. వచ్చాయి. క్యాన్సర్‌ను ఆపిందా అని చూడాలంటే ఇరవై ఏళ్లు ఆగాలి. పైగా పనిచేసే టీకా చేతిలో ఉండగా కొంతమంది ఆడపిల్లలకు టీకా లేని ఉత్త సూది వేసి చూడటం న్యాయం కాదు. అందుకే ఇలాంటి టీకాలకు యాంటీబాడీల పోలికను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంగీకరిస్తుంది.

నాకు ఇది సరిపోయింది. "లేదు, నాకు దీర్ఘకాల లెక్కలు కావాలి" అనే తల్లిని నేను తప్పుపట్టను. ఆమె గార్డసిల్‌కు వెళ్లవచ్చు. రెండింటినీ పక్కనపెట్టి ఊరుకోవడం మాత్రం నాకు సమ్మతం కాదు.

మూడు సీసాలు పక్కపక్కన పెడితే

సెర్వావాక్, గార్డసిల్ రెండూ నాలుగు రకాల వైరస్ మీద పనిచేస్తాయి. క్యాన్సర్ తెచ్చే 16, 18, జననాంగాల మీద పులిపిర్లు తెచ్చే 6, 11. గార్డసిల్ 9 వీటికి మరో ఐదు క్యాన్సర్ రకాలు కలుపుతుంది. ప్రపంచం మొత్తం మీద చూస్తే రక్షణ 70 శాతం నుంచి 90 శాతానికి పెరుగుతుంది. కానీ ఇందాక చెప్పిన అంకె ఇక్కడ పనికొస్తుంది. మన దగ్గర 16, 18 వాటాయే 80 దాకా ఉంది కాబట్టి, గార్డసిల్ 9 వల్ల మనకు అదనంగా కలిసొచ్చేది ఉంది గానీ, అమెరికావాళ్లకు కలిసొచ్చినంత కాదు.

ధరలో మాత్రం తేడా చాలా పెద్దది. సెర్వావాక్ వచ్చిన కొత్తలో ప్రైవేటులో డోసు 2,000 రూపాయలు. గార్డసిల్ మూడు, నాలుగు వేల మధ్య. గార్డసిల్ 9 పది వేలకు అటూ ఇటూ. ధరలు మారుతుంటాయి, ఆసుపత్రిని బట్టి కన్సల్టేషన్ ఫీజు కలుస్తుంది, ముందే ఫోన్ చేసి అడగండి. పన్నెండేళ్ల పిల్లకు రెండు డోసులు లెక్కేస్తే సెర్వావాక్‌కు నాలుగు వేలు, గార్డసిల్ 9కు ఇరవై వేలు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలుంటే చెప్పక్కర్లేదు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇరవై వేలు మీకు భారం కాకపోతే గార్డసిల్ 9 వేయించండి, రక్షణ కాస్త ఎక్కువే. భారమైతే ఏమాత్రం బాధపడకుండా సెర్వావాక్ వేయించండి. "డబ్బులు సర్దుబాటయ్యాక తొమ్మిది రకాలదే వేయిద్దాం" అని రెండేళ్లు వాయిదా వేయడం మాత్రం వద్దు. మేం సెర్వావాక్ వేయించాం.

ఆసుపత్రికి వెళ్లే ముందు ఒకసారి మీ ఊరి ఏఎన్‌ఎమ్‌నో ఆశా కార్యకర్తనో, పీహెచ్‌సీలోనో అడగండి. ప్రభుత్వం తరఫున మీ పిల్ల వయసువాళ్లకు ఉచితంగా ఇస్తుంటే బ్రాండు ఏదైనా సరే, అది వేయించడమే మంచిది. సిక్కింలో 2018లో ప్రభుత్వమే బడుల్లో వేయిస్తే 9 నుంచి 13 ఏళ్ల అమ్మాయిల్లో 95 శాతానికి పైగా వేయించుకున్నారు. అక్కడ ముందుగా తల్లిదండ్రులతో, టీచర్లతో, స్థానిక డాక్టర్లతో కూర్చుని మాట్లాడారు. మా జిల్లాలో జరగనిది అదే.

అబ్బాయిల గురించి కూడా చాలామంది అడుగుతారు. ఇదే వైరస్ మగవాళ్లలో గొంతు, మలద్వారం క్యాన్సర్లకు, పులిపిర్లకు కారణం. సెర్వావాక్‌కు మన దేశంలో 9 నుంచి 26 ఏళ్ల అబ్బాయిలకూ అనుమతి ఉంది. ఇంట్లో కొడుకూ కూతురూ ఉండి ఒకరికే డబ్బులుంటే ముందు కూతురికి వేయించండి.

ఒకటా, రెండా, మూడా

సెర్వావాక్ లేబుల్ ప్రకారం 9 నుంచి 14 ఏళ్ల వాళ్లకు ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. 15 నుంచి 26 వాళ్లకు మూడు: మొదటిది వేశాక రెండు నెలలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం 2022 డిసెంబరులో, 9 నుంచి 20 ఏళ్ల అమ్మాయిలకు ఒకటి గానీ రెండు గానీ చాలని, 21 దాటితే రెండు కావాలని చెప్పింది. ఇది విని "అయితే ఒకటే వేయిస్తే సరిపోతుందిగా" అని అక్క అడిగింది. ఒక డోసు చాలన్న పెద్ద అధ్యయనాలు చాలావరకు గార్డసిల్‌తోనూ, పాత విదేశీ టీకాలతోనూ జరిగాయి. సెర్వావాక్ అనుమతి తెచ్చుకున్నది రెండు, మూడు డోసుల లెక్క మీద. కాబట్టి మన డబ్బుతో ప్రైవేటులో సెర్వావాక్ వేయిస్తుంటే దాని లెక్క పూర్తి చేయడమే నయం అని డాక్టరు చెప్పారు. నాకూ అదే సబబు అనిపించింది. ప్రభుత్వ కార్యక్రమంలో ఒకే డోసు గార్డసిల్ ఇస్తే మాత్రం, "మా పిల్లకు సగం టీకా వేశారు" అని కంగారుపడకండి.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి జరిగినవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు ఈ వెసులుబాట్లలోకి రారు. వాళ్లకు ఏ వయసులోనైనా మూడు డోసులు వేయించడమే మంచిది.

మధ్యలో బ్రాండు మార్చకుండా ఉంటే మేలు. మొదటి డోసు వేసిన చోట రెండోసారి ఆ టీకా దొరకకపోతే మానేయకూడదు, దొరికినది వేయించాలి.

ఆగి చూద్దాం అనుకునేవాళ్లకు

నేనూ మొదట ఇదే అనుకున్నాను. ఇంకో ఐదేళ్లు గడిస్తే కొత్త టీకా సంగతి ఇంకా బాగా తెలుస్తుంది కదా అని. కొన్ని టీకాల విషయంలో ఆగడం వల్ల పెద్ద నష్టం ఉండదు. ఈ టీకాకు అలా కాదు. వైరస్ ఒంట్లోకి రాకముందు వేస్తేనే పనిచేస్తుంది, వచ్చాక దాన్ని తీసేయలేదు. అదీగాక 9 నుంచి 14 మధ్య వేసిన సూదికి శరీరం ఎక్కువ స్పందిస్తుంది, అందుకే ఆ వయసులో ఒక డోసు తక్కువ. పదిహేను దాటితే ఖర్చూ పెరుగుతుంది. స్వీడన్ లెక్కల్లో 17 లోపు వేయించుకున్నవాళ్లకు క్యాన్సర్ 88 శాతం తగ్గితే, 17 నుంచి 30 మధ్య వేయించుకున్నవాళ్లకు 53 శాతమే తగ్గింది. టీకా అదే, వయసే మారింది.

"పెళ్లికి ముందు వేయిస్తే చాలదా, ఇంత చిన్నపిల్లకు ఇప్పుడే ఎందుకు" అని మా ఇంట్లోనూ అన్నారు. ఈ వయసులో వేయించడమంటే పిల్లను అనుమానించడం కాదు. పెళ్లి తర్వాత భర్త నుంచి కూడా ఈ వైరస్ రావచ్చు. చిన్నదానికి నేను చెప్పింది రెండే ముక్కలు: పెద్దయ్యాక గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ రాకుండా ఇది కాపాడుతుంది, చెయ్యి ఒకరోజు నొప్పెడుతుంది. అది చాలు దానికి.

పిల్లలు పుట్టరన్న ప్రచారం వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ టీకా భద్రతా కమిటీ 2017 నాటికే 27 కోట్లకు పైగా డోసుల అనుభవాన్ని పరిశీలించింది. సంతానలేమికీ దీనికీ సంబంధం కనపడలేదు.

నిజంగా వచ్చే ఇబ్బందులు చేతి నొప్పి, వాపు, ఒకటి రెండు రోజుల జ్వరం, తలనొప్పి. ఈ వయసు పిల్లల్లో సూది వేయగానే కళ్లు తిరిగి పడిపోవడం కాస్త ఎక్కువ. అందుకే కూర్చోబెట్టో పడుకోబెట్టో వేయించి, తర్వాత పావుగంట అక్కడే ఉంచాలి. ఈస్ట్ అలర్జీ ఉన్నా, ఇంతకుముందు ఏదైనా టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినా ముందే చెప్పాలి. గర్భంతో ఉంటే ప్రసవం అయ్యాక వేయించుకోవాలి. సీసా మీది పేరు, గడువు తేదీ మీరే చూడండి. బ్యాచ్ నంబరు కార్డు మీద రాయించుకుని ఫోటో తీసి పెట్టుకోండి. స్కూల్లోనో కాలేజీలోనో క్యాంపు అయితే, అనుమతి పత్రం ఇంటికి వచ్చిందా, అందులో టీకా పేరు ఉందా, తర్వాత ఏమైనా అయితే ఫోన్ చేయాల్సిన నంబరు ఉందా చూసుకోండి. లేకపోతే అడగండి. అక్క అలాగే అడిగి, పత్రం తెప్పించుకుని చదివాక కూతురితో మాట్లాడింది. ఆ పిల్ల పెద్దది కాబట్టి నిర్ణయం తనదే. మూడు డోసులకు ఒప్పుకుంది.

ఇక తల్లుల సంగతి. నలభైల్లో ఉన్న నేను కూడా వేయించుకోవాలా అని గైనకాలజిస్టును అడిగాను. అనుమతి ఉన్న బ్రాండ్లు ఉన్నాయి, హాని లేదు, కానీ ఈ వయసులో లాభం తక్కువ, ఆ డబ్బుతో హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోండి అన్నారు. ఆ పరీక్షకు గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న బ్రష్‌తో తుడిచి తీస్తారు, నిమిషం పని. వైరస్ లేదని వస్తే మళ్లీ ఐదేళ్ల దాకా దిగులు లేదు. అంత ఖర్చు కుదరకపోతే ప్రభుత్వ ఆసుపత్రుల్లో వీఐఏ అనే పరీక్ష ఉంది. వెనిగర్ లాంటి పలచటి అసిటిక్ యాసిడ్ రాసి, తెల్లబడిన చోటు ఉందేమో కంటితో చూస్తారు. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లకు ఐదేళ్లకోసారి చేయాలని జాతీయ కార్యక్రమం చెప్తోంది. టీకా వేయించుకున్న పిల్లలకు కూడా ముప్పై దాటాక ఈ పరీక్షలు తప్పవు, ఎందుకంటే ఏ టీకా కూడా వైరస్ రకాలన్నిటినీ ఆపదు.

ఇదంతా వంటింట్లో చెబుతుంటే అత్తమ్మ వింటోంది. ఆమెకు అరవై రెండు. నలుగురు పిల్లల్ని కంది, ఒక్కసారి కూడా ఎవరూ ఈ పరీక్ష చేయలేదట. "నాకూ చేస్తరా బిడ్డా" అని అడిగింది. చేస్తారని చెప్పి, మరుసటి సోమవారం ఇద్దరం కలిసి వెళ్లాం.